చప్పుడు మాన్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ కంప్యూటరు రోజంతా హోరెత్తుతున్నదనీ, దానిని నీవే విప్పి బాగుచేయ నిశ్చయించావనీ మీ అమ్మ చెప్పగా ఎంతో సంతోషించాను. అయితే ఏ ఫ్యాన్ అరుస్తున్నదో తేల్చుకోకముందే అన్నిటికీ కొత్తవి కొనబోతున్నావట. అంత తొందర దేనికి?

ముందు క్యాబినెట్ మూత తీసి చెవి పెట్టి విను. ఒకే తీరున గాలి హోరు వినిపిస్తే లోపల వేడి ఎక్కువైందని, గరగరమంటే బేరింగ్ అరిగిందని, టకటకమంటే ఏదో వైరు రెక్కలకు తగులుతున్నదని అనుమానించవచ్చు. ఏ పనీ చేయనప్పుడు కూడా హోరు తగ్గకపోతే ప్రాసెసర్‌కు తీరిక లేకుండా చేస్తున్న ప్రోగ్రామ్ ఏదో టాస్క్ మేనేజర్‌లో చూడు. దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్గు తీసి, రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని బ్లోయర్ వాడు. ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మను, అంటే హీట్ సింక్‌ను ఊడదీస్తే, వాటి మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయాలి.

ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరిగే ఫ్యాన్ ఉంటే దాని కనెక్టర్ చూడు. మూడు పిన్నుల ఫ్యాన్‌ను తగిలించిన చోట బయోస్‌లో, అంటే కంప్యూటరు ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకొనే సెట్టింగులలో, నాలుగో పిన్ను ద్వారా వేగాన్ని అదుపు చేసే పీడబ్ల్యూఎం పద్ధతి ఎంచి ఉంటే దాని వేగం తగ్గదు. వోల్టేజి తగ్గించి వేగం తగ్గించే డీసీ పద్ధతికి మారిస్తే పైసా ఖర్చు లేకుండా నెమ్మదిస్తుంది. వేగం సగమైతే ఫ్యాన్ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది కనుక, కొనక తప్పనప్పుడు, పట్టే చోటుంటే 120 మిల్లీమీటర్ల దానికి బదులు నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలినీ ఇచ్చే 140 మిల్లీమీటర్లది తీసుకో. అలాగని ప్రాసెసర్ ఫ్యాన్‌ను మాత్రం ఆపివేయకు.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడొకడు చాలా చురుకైనవాడు, కొంచెం నీలాంటివాడే. కంప్యూటరుకు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, ఫ్యాన్ కీచుమంటున్నదని, ప్లగ్గు పీకాను కదా అన్న ధీమాతో డబ్బా విప్పి, బేరింగ్‌లో నూనె వేయబోయాడు. ప్లగ్గు పీకినంత మాత్రాన అందులో కరెంటును నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్ ఖాళీ కాదు. 300 వోల్టులకు పైబడిన కరెంటు దానిలో కొంతసేపు నిలిచి ఉండవచ్చు. వేలు ఎక్కడ తగిలిందో వాడికే తెలియదు. చెయ్యి విసురుగా వెనక్కి రావడంలో రేకు అంచు మణికట్టును కోసింది. ఆ నెత్తురు తుడుస్తూ వాడిని ఎంత తిట్టానో! వాడు మాత్రం నవ్వుతూ, ఫ్యాన్ ఇంకా కీచుమంటున్నదా అని అడిగాడు. ప్రాణం దక్కింది కనుక నేనూ నవ్వగలిగాను.

కాబట్టి చప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లో నుంచే వస్తున్నదని తేలితే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, మొత్తం యూనిట్‌ను మార్చు. ఎందులో నుంచి వస్తున్నదో తేలకపోతే ఫోను దగ్గరగా పట్టి ఆ చప్పుడు నాకు వినిపించు, ఎంత రాత్రయినా సరే.

ఇట్లు,
మీ మామయ్య