డొక్క కోసిన ఆవుని చూసుకోవడం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఆవుకి ఎడమ డొక్క కోసి పెద్దకడుపులోంచి ప్లాస్టిక్ కవర్లూ నైలాన్ తాడు ముక్కలూ తీశారనీ, మర్నాడే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి నుంచి బండిలో ఇంటికి తెచ్చుకున్నారనీ మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. నువ్వు పంపిన నాలుగు ప్రశ్నలూ కుట్ల గురించే. వాటి సంగతి కూడా రాస్తాను గానీ, ముందు కడుపు. చర్మం మీది గాయం చెడితే కంటికి కనిపిస్తుంది, కడిగి మందు వేస్తే దారికొస్తుంది. లోపల పెద్దకడుపుకి వేసిన కుట్టు దగ్గర తేడా వస్తే కనిపించదు. జ్వరం, నెమరు, పేడ, మేత, ఈ నాలుగే దాని గురించి చెప్తాయి. అందుకే పొద్దున కొట్టంలోకి పోగానే ముందు ఇవి చూడు, కుట్లు ఆ తర్వాత.

జ్వరం రోజూ ఒకే వేళకి, ఎండ పొడవక ముందే చూడాలి. జెర్సీ సంకరానికి మధ్యాహ్నం వేడికి ఒళ్లు ఊరికే కాలుతుంది, అప్పుడు చూస్తే లేనిపోని భయం. థర్మామీటరుకి కొంచెం కొబ్బరినూనె రాసి, పేడదారిలో పెట్టి, కొన పేగు గోడకి ఆనేట్టు కాస్త పక్కకి వంచి పట్టుకో. పేడ ముద్దలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు. మొదటి రెండు రోజులు 103 దాకా ఉన్నా కంగారు పడొద్దు. మూడో రోజు కూడా 103 దాటినా, ఒకసారి దిగి మళ్లీ పెరిగినా డాక్టరుకి చెప్పు. 100 కంటే తగ్గి చెవులు చల్లబడితే అది జ్వరం కంటే చెడ్డది, ఒక్క పూట కూడా ఆగకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి పిలిపించు.

పెద్దకడుపు కదలిక చూడాలంటే మామూలుగా ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి నొక్కుతాం. నీ ఆవుకి కోసింది అక్కడే, నొక్కకూడదు. అరచేతిని చివరి పక్కటెముక మీద, కుట్లకి ముందువైపు తేలిగ్గా ఆనించి, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నిలబడు. లోపల్నుంచి మెల్లగా ఉబ్బి జారిపోయే అల ఒకటి చేతికి తగులుతుంది. బాగున్న ఆవుకి రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు వస్తుంది. ఇప్పుడు ఐదు నిమిషాల్లో రెండు వచ్చినా సరే, రోజురోజుకీ పెరగాలి. నెమరు ఒకటి రెండు రోజుల్లో తిరిగి మొదలవ్వాలి. మొదట్లో ముద్దని ఇరవై సార్లు నమిలి మింగేస్తుంది, కోలుకునే కొద్దీ నలభై యాభై దాటుతుంది. ఆ లెక్క పెట్టడం నీకు వేళాకోళంగా అనిపించొచ్చు గానీ, కడుపు సంగతి దానికంటే ముందుగా చెప్పేది ఇంకోటి లేదు.

పేడ మొదటి రోజు కొంచెమే వేస్తుంది. ఒక రాత్రీ పగలూ గడిచినా అసలు వేయకపోతే, లేదా తారులాగా నల్లగా జిగటగా వేస్తే చెప్పాలి. ఆవు నడుం పైకి వంచి, మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి, పడుకోడానికి జంకుతూ, లేచేటప్పుడు మూలుగుతూ ఉంటే పొట్ట లోపలి పొరకి చీము పట్టిందేమో అనుకోవాలి. ఇది సాధారణంగా మొదటి ఐదు రోజుల్లోనే బయటపడుతుంది. కుట్లు పైకి ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఆ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు.

ఇక మేత. ఇక్కడే మన ఇళ్లలో ప్రేమ కొద్దీ తప్పు చేస్తాం. బలం వస్తుందని రాగి సంగటి, అంబలి, గంజి, మిగిలిన అన్నం పెట్టేస్తారు. అవేవీ పెట్టొద్దు. కడుపు ఖాళీ చేసినప్పుడు అందులో మేతని అరిగించే సూక్ష్మజీవులు కూడా చాలా వరకు పోయాయి. ఇప్పుడు పిండి పదార్థం పడితే పులిసి ఆమ్లం తయారవుతుంది, ఉన్న కాసిని జీవులూ చస్తాయి, కడుపు కదలడం మానేస్తుంది. మొదటి మూడు రోజులు లేత పచ్చికసువు రెండేసి కిలోలు, రోజుకి ఐదారు సార్లు. సూపర్ నేపియర్ గడ్డి అయితే ముదురు కాండం తీసేసి ఆకులే వెయ్యి. గోరువెచ్చని నీళ్లు ఒక్కసారికి ఐదు లీటర్లే, రోజంతా మళ్లీ మళ్లీ. ఒకేసారి బకెట్లు బకెట్లు తాగితే కడుపు సాగి లోపలి కుట్టు మీద బరువు పడుతుంది. నాలుగో రోజు నుంచి వరిగడ్డి, సెనక్కాయ కట్టె (కాయలు కోసేశాక మిగిలే వేరుశనగ తీగలు) కొద్దికొద్దిగా కలుపు. కట్టెకి మన్ను అంటుకుని ఉంటుంది, బాగా దులుపు. దాణా నెమరు గట్టిపడ్డాకే: మొదట అరకిలో, తర్వాత రోజుకి పావుకిలో చొప్పున పెంచు. తినలేదని గొట్టంతో మాత్రం ఏమీ పోయకు. నీరసంగా ఉన్న ఆవు సరిగా మింగలేదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆపరేషన్ తట్టుకున్న ఆవు న్యుమోనియాతో పోతుంది. నాలుగు రోజులైనా నెమరు రాకపోతే, బాగున్న ఇంకో ఆవు కడుపులోని ద్రవం తీసి పట్టించే పద్ధతి ఉంది, డాక్టరుని అడుగు.

ఇప్పుడు కుట్లు. రెండో రోజుకి, మూడో రోజుకి కోత చుట్టూ వాపు రావడం సహజం. ఆ నీరు కిందికి జారి పొట్ట దగ్గర మెత్తగా తేలుతుంది, వేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా పూడుకుంటుంది. దానికేమీ చెయ్యనక్కర్లేదు. చర్మం కింద చేత్తో తడిమితే ఎండుటాకు నలిగినట్టు చిటచిటమంటే కోసినప్పుడు చిక్కిన గాలి, వారం పది రోజుల్లో అదే పోతుంది. నువ్వు కనిపెట్టాల్సింది వేరే ఉంది: ఐదో రోజు తర్వాత కోత కింది కొస దగ్గర వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా గడ్డ లేస్తే అది చీము. కోసిన చోట కడుపులోని మేత రసం కాస్త అంటినా ఇలా అవుతుంది. కింది కుట్టు ఒకటి విప్పి చీము పోనిస్తే మానిపోతుంది, కానీ అది డాక్టరు చేతుల మీద జరగాలి. నువ్వు సూదితో గుచ్చొద్దు.

రోజుకొకసారి కాచి చల్లార్చిన నీళ్లలో పోవిడోన్ అయొడిన్ పాలు లేని టీ రంగు వచ్చేదాకా కలిపి, దూదితో కోత మీద పైనుంచి కిందికి తుడువు. తుడిచిన దూది మళ్లీ పైకి తేకూడదు. పసుపూ సున్నమూ, బూడిద, వాడిన ఇంజన్ ఆయిల్, ఏవీ పూయొద్దు. కొత్తగా అతుక్కుంటున్న చర్మాన్ని అవి కాల్చేస్తాయి, లోపల మురికి పెడతాయి. వేపనూనె మంచిదే, అయితే కుట్ల మీద కాదు, చుట్టూ రెండంగుళాలు వదిలి రాస్తే ఈగలు వాలవు. ఈగ గుడ్డు పెట్టిందంటే ఒక్క రోజులో పురుగవుతుంది. తెల్లగా బియ్యపు నూకల్లాంటివి కుట్ల సందుల్లో కనిపిస్తే అవే గుడ్లు, అప్పుడే తుడిచెయ్యి.

ఈగల కంటే కాకులతో ఇబ్బంది ఎక్కువ. ఎర్రగా కనిపిస్తే వీపు మీద వాలి కుట్టు దారాన్ని లాగుతాయి. పాత నూలు పంచె ఒకటి డొక్క మీదుగా వదులుగా కట్టు, రోజూ మార్చి ఉతికి ఎండలో వెయ్యి. గోనెసంచి వద్దు, చెమట పట్టి తడి చేరుతుంది. ఆవు తల తిప్పి నాక్కుంటుంటే మెడ చుట్టూ వెదురు కర్రల చట్రం కట్టించు. కుట్లు ఉన్నన్నాళ్లూ మిగతా పశువుల కొమ్ములకి దూరంగా, విడిగా ఉంచు. ఆశ్వయుజ, కార్తీక వానలు మొదలైతే కొట్టంలో సిమెంటు నేల జారుతుంది. ఆరంగుళాల మందాన వరిగడ్డి పరిచి, తడిసింది తడిసినట్టు తీసెయ్యి. ఒక్కసారి కాలు జారి పడితే పైకుట్టు ఊడొచ్చు.

మందుల విషయంలో డాక్టరు రాసిన చీటీ దాటి పోవద్దు. నొప్పికి మెలాక్సికామ్ రాసే ఉంటారు, కిలో బరువుకి అర మిల్లీగ్రాము లెక్క. ఎక్కువిస్తే త్వరగా తగ్గుతుందని అదనంగా పొడిపించకు, కడుపులో పుండ్లు పడతాయి, పైన రాసిన నల్లపేడ అందుకే. షాపులో నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తే తీసుకోకు. పశువులకి దాన్ని 2006లోనే నిషేధించారు, ఆ మందు పడిన కళేబరం తిని రాబందులు చచ్చిపోతాయి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా 2023లో ఆపేశారు. యాంటీబయాటిక్ డాక్టరు చెప్పినన్ని రోజులూ పూర్తిగా వేయించు, రెండో రోజుకే ఆవు లేచి తిరుగుతోందని ఆపొద్దు. ఆ పాలు చివరి సూది తర్వాత ఎన్ని రోజులకి పనికొస్తాయో అడిగి రాసుకో. అప్పటిదాకా పాలకేంద్రానికి పోయకు, దూడకీ తాపకు. ఆ పాలు సరిగా తోడుకోవు కూడా. ఆవు చూలుతో ఉంటే ఆ మాట ప్రతి సూదికి ముందూ చెప్పు, చివరి నెలల్లో స్టెరాయిడ్ పడితే ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే చూలు పోతుంది.

కుట్లు పదో రోజు తర్వాతే తీస్తారు, కొంచెం తేమగా ఉంటే పద్నాలుగో రోజు దాకా ఆగుతారు. మొదటిరోజు ఒకటి విడిచి ఒకటి తీయించు, రెండు రోజులాగి మిగతావి. ముడిని పైకి లాగి, చర్మానికి ఆనుకున్న దారం కత్తిరించాలి. బయట ఉన్న మురికి దారం లోపలి గుండా రాకూడదు, చూసుకో. కుట్లు తీశాక మూడు రోజులకి గానీ ఒంటికి నీళ్లు పోయకు.

ఇంకొక్కటి. అది కవర్లు ఎందుకు తింటోంది? ఎక్కువ ఆవులు భాస్వరం, ఉప్పు చాలక గుడ్డలూ తాళ్లూ కాగితాలూ నమలడం నేర్చుకుంటాయి. దాణా పూర్తిగా పెట్టే నాటి నుంచి రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలుపు. మీ వీధి చివర చెత్త తొట్టిలో అరటి ఆకులూ ఇడ్లీలూ కవర్లలో ముడేసి పడేస్తారని మీ నాయన చెప్పినాడు. ఆ వాసనకి కవరుతో సహా మింగుతుంది. కుట్లు తీసేదాకా ఎటూ దాన్ని విప్పవు కాబట్టి, ఈ పది రోజుల్లో ఆ తొట్టి చుట్టూ కంచె వేయించమని పంచాయతీలో అడుగు. జ్వరం, నెమరు లెక్క, పేడ, పాలు నాలుగు గళ్లు గీసి రోజూ రాసి ఆ కాగితం ఫోటో నాకు పంపుతూ ఉండు.

మీ పెదనాన్న