సోషల్ వర్కర్ వచ్చి ఏం చేస్తారు?

ప్రశ్న: పక్కింటి కోడలు భర్త దెబ్బలు పడలేక "బతకాలని లేదక్కా" అంటోంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సోషల్ వర్కర్ వచ్చి సర్దిచెప్పి పోవడమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: సర్దిచెప్పడం వాళ్ల పని కాదండీ. ముందు ఆమెతో అత్తింటివాళ్ల చెవిన పడకుండా విడిగా మాట్లాడతారు. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అనుకున్నావు? అది ఇంట్లో ఉందా?" అని సూటిగానే అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఆ ఆలోచన ఉందంటే ఆమెను ఒంటరిగా వదలరు, మాత్రలూ మందులూ అక్కడినుంచి తీయిస్తారు.

ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే మాటలు కట్టిపెట్టి 108 అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. ఎలుకల పేస్టు తిన్నవాళ్లు ఒకటి రెండు రోజులు మామూలుగానే కనిపిస్తారు, తర్వాత కాలేయం పాడవుతుంది. "బాగానే ఉందిగా" అని ఆగకండి. వాంతి చేయించకుండా, ప్యాకెట్‌తో సహా విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లండి.

దెబ్బల విషయానికొస్తే, వైద్య పరీక్ష చేయిస్తారు. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారితో నివేదిక రాయిస్తారు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే వన్ స్టాప్ సెంటర్‌లో 5 రోజుల వరకు ఉండనిస్తారు. మనసు కుదుటపడకపోతే చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది.

పని చెడేది ఎక్కువగా మర్నాడే పెట్టే పెద్దల పంచాయితీతో. ఆమె మీతో చెప్పిన మాట భర్త దాకా పోయిందా, ఇంకో విడత దెబ్బలే. మీరు అతణ్ని నిలదీయకండి. ఆమె ఆధార్, బ్యాంకు పుస్తకం, ఒక జత బట్టలు మీ ఇంట్లో దాచండి. రాత్రి గొడవైతే 112, ఆమె మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు.