మేడ మీద కుండీలకు తేమ సెన్సర్

ప్రశ్న: మేడ మీద టమాటా కుండీల్లో తేమ చూడటానికి ఆర్డునో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి రెండు కాళ్ల సెన్సర్ కలిపాను. కొద్ది వారాల్లోనే కాళ్లు తినేసి, రీడింగులు ఇష్టం వచ్చినట్టు వస్తున్నాయి. సముద్రపు గాలి వల్లేనా సార్?
- డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: గాలిని అనుమానించడం సహజమే అమ్మా. కానీ మట్టిలో ఉన్న కాళ్లను తినేసింది కరెంటు. తడి మట్టిలో రెండు లోహపు కాళ్ల మధ్య డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఆగకుండా పారితే విద్యుద్విశ్లేషణ జరిగి, ప్లస్ వైపు కాలు కరిగిపోతుంది. ఎరువుల లవణాలుంటే ఇంకా త్వరగా. సెన్సర్‌కి కరెంటు అందించే వీసీసీ తీగను 5 వోల్టుల పిన్ నుంచి తీసి 7వ డిజిటల్ పిన్‌కి మార్చు. అరగంటకోసారి ఆ పిన్‌ని హై (ఆన్) చేసి, క్షణం ఆగి చదివి, వెంటనే లో (ఆఫ్) చేసెయ్. కుండీలో తేమ నిమిషాల్లో మారిపోదు కదా!

నా మాట వింటే, తర్వాత కెపాసిటివ్ సెన్సర్ (మట్టిలోకి కరెంటు పారించకుండా, విద్యుత్ నిల్వ సామర్థ్యంలో మార్పును బట్టి తేమ చూసేది) కొను. దానికి మట్టిని తాకే లోహం ఉండదు. బోర్డు అంచుల్లోంచి నీరు పీల్చకుండా గోళ్ల రంగు పూయి, బోర్డు మీదున్న గీత దాటి పాతకు. పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి విలువలు రాసుకో. తడి పెరిగితే అంకె తగ్గుతుంది, కంగారుపడకు.

ఉప్పు గాలి సంగతి: అది పైనున్న యూనో పిన్నులకు, జంపర్ వైర్లకు నిజంగానే చేటు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు, కనెక్షన్లు సోల్డర్ చెయ్యి. పంపు పెట్టాలనుకుంటే మాత్రం నేరుగా పిన్‌కి కలపొద్దు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) వాడు.