ఏడు దేశాల్లో ఆడిన స్ట్రైకర్ ఒగ్బెచె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన ఏడాది బార్తొలొమ్యూ ఒగ్బెచె గోల్స్ వర్షం కురిపించాడు. కానీ అతను ఎక్కడా కుదురుగా ఉండలేదట. అన్ని క్లబ్బులు మారాడంటే ఆటలో ఏదో లోపం ఉన్నట్టే కదా?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: లోపం అనుకోవద్దు. స్ట్రైకర్ కొలువే అలాంటిది. డిఫెండర్ ఏడాదంతా ఎలా ఆడాడో చెప్పాలంటే మ్యాచ్‌లు చూడాలి. స్ట్రైకర్‌ను మాత్రం గోల్స్ అంకె చూసి తీసుకుంటారు, అదే అంకె చూసి వదిలేస్తారు. కోచ్ మారినా, జట్టు కింది డివిజన్‌కు పడిపోయి జీతాల ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినా ముందు బయటికి వెళ్లేది చాలాసార్లు అతనే.

ఒగ్బెచె 1984 అక్టోబర్ 1న నైజీరియాలోని ఒగోజాలో పుట్టాడు. టీనేజ్‌లోనే పారిస్ సెయింట్ జర్మేన్‌కు చేరాడు. పదిహేడేళ్లకే 2002 ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు. క్లబ్బులో ఒకోచా, రొనాల్డీనో లాంటి వాళ్లుండగా ఒక కుర్రాడికి వరసగా మ్యాచ్‌లు దొరకడం కష్టం. అందుకే బాస్టియాకు, మెట్జ్‌కు లోన్‌పై, అంటే కొంతకాలం అరువుగా, పంపారు. అక్కణ్నుంచి దారి యూఏఈలో అల్ జజీరాకు, స్పెయిన్‌లో అలావెస్, వాయదోలిద్, కాదిజ్, హెరెజ్‌లకు, గ్రీస్‌లో కవాలాకు, ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రోకు, నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూలకు సాగింది. వీటిలో చాలావరకు ట్రోఫీల కోసం పోరాడే క్లబ్బులు కావు, డివిజన్‌లో నిలబడితే చాలనుకునేవి. అలాంటి జట్టులో స్ట్రైకర్‌కు మ్యాచ్ మొత్తంలో రెండు మంచి అవకాశాలు వస్తే గొప్ప. దొరికిన ఆ ఒక్క బంతిని వృథా చేయకుండా ఉండటం ఆ ఏళ్లలోనే అలవడి ఉంటుందని మా అభిప్రాయం.

2018లో ముప్ఫై నాలుగుకు దగ్గరపడుతూ ఇండియాకు వచ్చాడు. నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కు 12 గోల్స్ చేసి, ఆ క్లబ్బును తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేర్చిన జట్టులో ముఖ్యుడయ్యాడు. తర్వాతి సీజన్ కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబై సిటీకి 8, హైదరాబాద్‌కు 18, మళ్లీ హైదరాబాద్‌కే 10. మొత్తం అయిదు సీజన్లు, నాలుగు క్లబ్బులు, 98 మ్యాచ్‌లు, 63 గోల్స్.

ముంబైలో 8 మాత్రమే ఎందుకు అని అడుగుతారేమో. అక్కడ అదే స్థానంలో ఆడమ్ లె ఫోండ్రే కూడా ఉన్నాడు, ఒగ్బెచె చాలాసార్లు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చేవాడు. 2021 మార్చి 13న ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో చివరి నిమిషాల్లో గోల్‌కీపర్ మీదికి ఒత్తిడి తెచ్చి, బంతి లాక్కుని బిపిన్ సింగ్‌కు అందించాడు. కప్పు తెచ్చిన గోల్ అదే. గోల్స్ పట్టికలో అతని పేరు మీద అది కనపడదు. స్ట్రైకర్‌ను అంకెతోనే కొలిస్తే ఇలాంటివి జారిపోతాయి.

ప్రశ్న: 37 ఏళ్ల వయసులో 20 మ్యాచ్‌ల్లో 18 గోల్స్ ఎలా సాధ్యం? మా జిల్లా జట్టులో నేను సెంటర్ ఫార్వర్డ్‌ను. బాక్స్‌లోకి వెళ్తాను గానీ బంతి నాకు అందదు. సాధన ఏం చేయాలి?
— పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు హైదరాబాద్ జట్టు తీరు గమనించండి. ఆ సీజన్ నుంచే మైదానంలో విదేశీయుల సంఖ్యను అయిదు నుంచి నాలుగుకు తగ్గించారు. కాబట్టి కోచ్ మనోలో మార్కెస్ ముందు వరసలో ఉంచే విదేశీ స్ట్రైకర్ గోల్ కొట్టి తీరాలి. రెండు పక్కల నుంచి ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా ముందుకొచ్చి క్రాస్‌లు, అంటే పక్క నుంచి గోల్ ముందుకు బంతులు, వేసేవారు. ఒగ్బెచె వాళ్లతో పరుగు పందెం పెట్టుకోలేదు. బంతి వచ్చే చోటుకు డిఫెండర్ కంటే అర సెకను ముందు చేరేవాడు.

మీ ఇబ్బంది బహుశా ఇక్కడే ఉంది: బాక్స్‌లోకి తొందరగా వెళ్లి నిలబడిపోతున్నారు. నిలబడ్డవాణ్ని పట్టుకోవడం డిఫెండర్‌కు సులువు. క్రాస్ వేసేవాడు తల ఎత్తేదాకా మీరు పెనాల్టీ స్పాట్‌కు వెనకే, అంటే గోల్‌కు 12, 13 మీటర్ల దూరంలో ఉండండి. డిఫెండర్ చూపు బంతి మీదుంటుంది కాబట్టి అతని భుజం వెనక, అతనికి కనపడని వైపు నిలవండి. దూరపు పోస్ట్ వైపు రెండు అడుగులు నెమ్మదిగా వేయండి. అతను ఆ వైపు ఒరిగాక దగ్గరి పోస్ట్ వైపు మూడు, నాలుగు వేగమైన అడుగులతో అతని ముందుకు దూరండి. తిన్నగా కాకుండా కొంచెం వంపుగా పరుగెత్తితే ఆఫ్‌సైడ్ గీతా కనిపిస్తుంది, బంతీ కనిపిస్తుంది.

సాధనకు ఇద్దరు క్రాస్ వేసేవాళ్లు, ఒక గోల్‌కీపర్, డజను బంతులు చాలు. కుడి నుంచి 6, ఎడమ నుంచి 6 బంతులు. ఒక్క తాకుడుతోనే కొట్టాలి, ఆపుకోకూడదు. ఇలా 3 విడతలు, నడుమ రెండు నిమిషాల విశ్రాంతి. మూడో వంతు బంతులు మీకు అలవాటులేని కాలితో కొట్టండి. తొలి వారం డిఫెండర్ వద్దు, తర్వాత ఒకణ్ని పెట్టండి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. రెండు చివర్ల నుంచి మీటరు లోపలికి ఒక్కో కోన్ పెట్టి, పోస్ట్‌కూ కోన్‌కూ మధ్య పడినవే లెక్కించండి.

బంతి బార్ మీదుగా పోతోందంటే మీ నడుము వెనక్కి వాలుతోంది, నిలబడే కాలు బంతికి వెనకబడుతోంది. ఆ పాదాన్ని బంతి పక్కకు తెచ్చి ఛాతీని ముందుకు వంచండి. పక్కకు పోతోందంటే కొట్టే క్షణంలో తల ఎత్తి గోల్ వైపు చూస్తున్నారు. గోల్ కదలదు, చూడాల్సింది బంతిని.

తొడ వెనక కండరం స్ట్రైకర్‌కు ప్రాణం. నార్డిక్ వ్యాయామం మానకండి: మోకాళ్లపై నిలబడి, తోటివాడు మడమలు పట్టుకోగా, నడుము వంచకుండా శరీరాన్ని మెల్లగా ముందుకు దించాలి. మొదటి వారం ఒక్క రోజు, 5 చొప్పున 2 విడతలు. రెండో వారం రెండు రోజులు, 6 చొప్పున 2. మూడో వారం మూడు రోజులు, 6 నుంచి 8 చొప్పున 3 విడతలు. తర్వాత 8 నుంచి 10. మొదటి రోజే పది చేస్తే రెండు రోజులు కాలు పట్టేసి సాధనే ఆగిపోతుంది. మ్యాచ్ ముందురోజు అసలు వద్దు.

ప్రశ్న: క్లబ్బు మారేటప్పుడు ఆటగాడు ఏయే నిబంధనలు చూసుకోవాలి?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫిఫా నిబంధనల ప్రకారం ఒక సీజన్‌లో గరిష్ఠంగా మూడు క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చు, అధికారిక మ్యాచ్‌లు మాత్రం రెండింటికే ఆడవచ్చు. ఒప్పందం కనీసం సీజన్ చివరిదాకా ఉండాలి, అయిదేళ్లు దాటకూడదు. 18 ఏళ్లలోపు వారికి మూడేళ్లే. ఒప్పందం ఆఖరి ఆరు నెలల్లో ఉన్న ఆటగాడు కొత్త క్లబ్బుతో ముందుగానే ఒప్పందం కుదుర్చుకోవచ్చు. దేశం మారితే ఐటీసీ అనే అంతర్జాతీయ బదిలీ పత్రం రావాలి. అది పాత దేశపు సమాఖ్య నుంచి కొత్త సమాఖ్యకు ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు మారడానికి అనుమతించే గడువు) మూసేలోగా పాత ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని తర్వాత కూడా రిజిస్టర్ చేసుకునే వీలుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి. ‘మెడికల్ పరీక్షలో నెగ్గితేనే, వర్క్ పర్మిట్ వస్తేనే ఈ ఒప్పందం చెల్లుతుంది’ అనే షరతు ఫిఫా నిబంధనల్లో చెల్లదు. పరీక్షలు సంతకానికి ముందే జరిగిపోవాలి.

జీతం ఆగితే తొందరపడి క్లబ్బు వదిలేయవద్దు. రెండు నెలల జీతం బకాయి పడ్డాక, క్లబ్బుకు రాతపూర్వకంగా కనీసం 15 రోజుల గడువిస్తూ నోటీసు పంపండి. అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వస్తుంది. నోటీసు లేకుండా వెళ్లిపోతే తప్పు మీ మీదికి వచ్చే ప్రమాదం ఉంది. జీతం ఏ రోజున ఎంత పడిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచిపెట్టుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో చిన్న అకాడమీ నడుపుతున్నాం. మా దగ్గర నేర్చుకున్న పిల్లవాడు రేపు విదేశీ క్లబ్బుకు వెళ్తే మాకు ఏమైనా వస్తుందా?
— అకాడమీ నిర్వాహకుడు, అనంతపురం జిల్లా

జవాబు: వస్తుంది, రికార్డులు ఉంటే. ఒప్పందం మధ్యలో ఉన్న ఆటగాణ్ని వేరే దేశపు క్లబ్బు డబ్బు చెల్లించి కొంటే, ఆ మొత్తంలో 5 శాతాన్ని అతనికి 12 నుంచి 23వ పుట్టినరోజు వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులు పంచుకుంటాయి. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు 0.5 శాతం. ఉదాహరణకు బదిలీ మొత్తం 2 కోట్లు, మీ దగ్గర 13, 14 ఏళ్లప్పుడు ఉన్నాడు: 0.5 శాతం, అంటే లక్ష రూపాయలు. అదే 16, 17, 18 ఏళ్లప్పుడు ఉంటే 3 లక్షలు. ఒప్పందం ముగిశాక ఉచితంగా వెళ్తే ఈ వాటా ఉండదు.

అన్నిటికంటే ముందు మీ అకాడమీ సమాఖ్యలో నమోదైన క్లబ్బు అయి ఉండాలి, పిల్లవాడు ప్రతి సీజన్ మీ పేరుతో రిజిస్టర్ అయి ఉండాలి. హాజరు పుస్తకం, ఫొటోలు దీనికి సరిపోవు.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. యూరప్‌లో ట్రయల్ ఇప్పిస్తానని ఒకాయన లక్షల్లో అడుగుతున్నాడు. నమ్మవచ్చా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఇవ్వకండమ్మా. కుటుంబం ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో అక్కడికి మారడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏళ్లు నిండకుండా దేశం మారి రిజిస్టర్ కావడం కుదరదు. ఆయన ఏజెంటునంటే ఫిఫా లైసెన్సు నంబరు అడిగి, ఫిఫా వెబ్‌సైట్‌లోని ఏజెంట్ల జాబితాలో మీరే చూసుకోండి. లైసెన్సు ఉన్నా ట్రయల్ కోసం ముందుగా డబ్బు కట్టించుకోవడం అనుమానించాల్సిన విషయమే.

ప్రశ్న: సునీల్ ఛెత్రి సికింద్రాబాద్‌లో పుట్టాడంటారు, నిజమేనా? ఒగ్బెచెలా అతను యూరప్‌లో ఎందుకు నిలదొక్కుకోలేదు?
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమే, 1984 ఆగస్టు 3న పుట్టాడు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. ఆట మాత్రం ఢిల్లీలో, తర్వాత కోల్‌కతా మోహన్ బగాన్‌లో పదునుదేరింది. 2009లో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకోవడానికి సిద్ధపడినా వర్క్ పర్మిట్ రాలేదు. ఫిఫా ర్యాంకుల్లో తొలి 70లో భారత్ లేదన్నదే కారణం. ఆటగాడి ప్రతిభకు దేశపు ర్యాంకు అడ్డుపడటం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 2010లో అమెరికాలో కాన్సస్ సిటీకి వెళ్లాడు గానీ ఎంఎల్‌ఎస్ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్ తీసుకుంది. అక్కడ ఆడింది బీ జట్టుకే, అదీ మూడు మ్యాచ్‌లు. 2013 ఆరంభంలో లోన్‌పై చర్చిల్ బ్రదర్స్‌కు తిరిగొచ్చాడు, ఆ సీజన్ ఐ-లీగ్ (అప్పటి దేశపు అగ్ర లీగ్) చర్చిల్‌దే. అదే ఏడాది బెంగళూరు ఎఫ్‌సీలో చేరి, 2013-14లో క్లబ్బు తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిపించాడు. నలభై ఏళ్ల వయసులో, 2024-25 ఐఎస్‌ఎల్‌లో కూడా ఆ జట్టుకే 14 గోల్స్ చేశాడు.