పాత రేడియో ఎవరి చేతిలో పెట్టాలి?

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారి ఫిలిప్స్ వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందటి, గాజు గొట్టాలతో పనిచేసేది) ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. బాగుచేయిద్దామని మా ఊళ్లో ఒక షాపుకు తీసుకెళ్తే, "లోపలి సామానంతా పీకేసి బ్లూటూత్ బోర్డు వేస్తానమ్మా, పైపెట్టె పాతదే ఉంటుంది" అన్నాడు. అంతకుముందు ఇంకో షాపులో ఇచ్చిన క్యాసెట్ డెక్ ఇంతవరకూ ఇంటికి రాలేదు. అడిగినప్పుడల్లా "పార్టు రావాలి" అంటున్నాడు. హైదరాబాద్ తీసుకెళ్లమంటారా? నమ్మదగ్గ మనిషి ఎక్కడ దొరుకుతాడు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందుగా ఒకటి. "ఎలా ఉందో ఒకసారి చూద్దాం" అని ఆ రేడియోను ప్లగ్గులో పెట్టకండి. అన్నేళ్లు కరెంటు తగలని సెట్టులో ఫిల్టర్ కెపాసిటర్లు, అంటే కరెంటును నిల్వ చేసి సాఫీగా అందించే భాగాలు, ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే అవి షార్టై, వాటితో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు. కెపాసిటర్ పది చోట్ల దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. పిల్లల్ని వెనక అట్ట విప్పనివ్వకండి. వాల్వు సెట్టు లోపల రెండొందల యాభై వోల్టుల పైమాటే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది.

ఇక బ్లూటూత్ బోర్డు ఆయన సంగతి. దొంగ అనను. వాల్వుల పని రాదు, రాదని చెప్పడానికి మొహమాటం, అంతే. కానీ పీకేసిన వాల్వులు, స్పీకరుకు ముందుండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడికి పోతాయని అడిగారా? వాటికి కొనేవాళ్లున్నారు. మీకు మిగిలేది నాన్నగారి చెక్కపెట్టెలో కూర్చున్న కొత్త స్పీకరు. అది కావాలంటే బజారులో రెడీమేడ్‌గానే దొరుకుతుంది, దానికోసం ఈ రేడియోను చంపక్కర్లేదు.

హైదరాబాద్ వెళ్తే కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. అయితే రిపేరు షాపు వెతుక్కుంటూ కాదు, పార్టులమ్మే షాపులకు. కౌంటర్లో పెద్దాయన ఉంటే ఆయన్ను అడగండి: "వాల్వు సెట్లకు పార్టులు మీ దగ్గర ఎవరు కొనుక్కెళ్తారు?" రిపేరు షాపువాడు తన గొప్ప చెప్పుకుంటాడు. పార్టులమ్మేవాడికి ఆ అవసరం లేదు. ఎవడు ఊరూపేరూ లేని చౌక సరుకు అడుగుతాడో, ఎవడు డబ్బు ఎక్కువైనా మంచి కంపెనీదే కావాలంటాడో ఆయనకు తెలుసు. రెండు మూడు కౌంటర్లలో ఒకే పేరు వినపడిందంటే మీ పని సగం అయినట్టే.

అంత దూరం ఎందుకనుకుంటే ఖమ్మంలోనే పెళ్లిళ్లకు మైకుసెట్లు పెట్టే సౌండు సర్వీసు వాళ్లను కదపండి. వాళ్ల ఆహూజా ఆంప్లిఫయర్ ముహూర్తం వేళ మూగబోతే పరువు పోతుంది కాబట్టి పనికిమాలిన మెకానిక్‌ను పెట్టుకోరు. ఆకాశవాణి ఇంజినీరింగ్ విభాగంలో చేసి రిటైరైనవాళ్లు తెలిసినవాళ్లలో ఉంటే ఇంకా మంచిది. వాళ్లు తాము చేయకపోయినా, చేసేవాడి పేరు చెప్తారు. ఫోన్లో షాపుల పేర్ల పక్కన కనిపించే రేటింగు నక్షత్రాల మీద మాత్రం నాకు పెద్ద గురి లేదు. అవి చాలావరకు టీవీలు బాగుచేయించుకున్నవాళ్లు ఇచ్చినవి.

మనిషి దొరికాక షాపు బోర్డు కాదు, బల్ల చూడండి. బల్ల మీద ఒక హోల్డరు, అందులో పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఉండాలి. దాన్నే సిరీస్ లాంపు అంటాం. సెట్టుకు కరెంటు ఆ బల్బు గుండా ఇస్తారు. బల్బు ముందు బాగా వెలిగి మెల్లగా మసకబారిందా, పరవాలేదు. వెలుగు తగ్గకుండా అలాగే ఉందా, లోపల షార్టు ఉన్నట్టు. బల్బు అడ్డం పడింది కనుక ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు, అందుకే తెలిసినవాడు ఫిలమెంట్ బల్బులు నాలుగు ఎక్కడో దాచుకుంటాడు. మీ ముందే తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టబోతే రేడియో చంకన పెట్టుకుని వచ్చేయండి.

ఇంకోటి చూడండి. బాగుకోసం వచ్చిన సెట్లకు చీటీలు కట్టి ఉంటాయా, చీటీ మీద తేదీ ఉందా? తెనాలిలో నేను షాపు నడిపినన్నాళ్లూ అట్టముక్క మీద పేరు, తేదీ, కంప్లయింటు రాసి పురికొసతో వెనక కట్టేవాణ్ని. చీటీ లేని సెట్టుకు స్క్రూలు కూడా ఉండవు, అది అనుభవం.

విప్పకముందే "వాల్వులన్నీ మార్చాలి" అన్నవాణ్ని నమ్మకండి. వాల్వులు గట్టి పిండాలు, ముందు పోయేవి కెపాసిటర్లే. ఇచ్చేముందు వాల్వుల మీది నంబర్లు రాసుకోండి, ఈఎల్84, ఈసీహెచ్81 లాంటివి ఉంటాయి. ఫోటో కూడా తీయించండి. తీసేసిన పార్టులు కవర్లో వేసి ఇమ్మని ముందే అడగండి. "ఎందుకమ్మా చెత్త?" అని నవ్వితే నవ్వనివ్వండి, మీరూ నవ్వండి, కానీ తెచ్చుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే అరగంట మోగనివ్వండి. వేడెక్కాక బయటపడే జబ్బులు చాలా ఉంటాయి. హైదరాబాద్ స్టేషను మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్‌లో పెట్టి వినండి. గరగర వస్తే వెంటనే మెకానిక్ మీద పడకండి, షాపులో ఎల్‌ఈడీ లైట్లు, ఇన్వర్టరు ఆపించి మళ్లీ వినండి.

క్యాసెట్ డెక్ మాత్రం ఈ వారమే వెళ్లి తెచ్చేసుకోండి, విప్పింది విప్పినట్టుగానైనా సరే. చూసినందుకు ఏదో కొంత ఇవ్వండి, గొడవ వద్దు. రబ్బరు బెల్టు జిగురైపోవడం ఆ డెక్కుల్లో మామూలే. బెల్టు కోసం నెలలు పట్టదు.

ప్రశ్న: పద్యనాటకాలకు వాయించడానికి పాత హార్మోనియం కొందామనుకుంటున్నాను. అమ్మేవాడు "జర్మన్ రీడ్లు" అని ధర పెంచుతున్నాడు. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రీడ్లంటే గాలి తగిలి పలికే ఇత్తడి నాలుకలు. ప్రతి పాత హార్మోనియంలోనూ జర్మన్ రీడ్లే ఉంటాయి, అమ్మేటప్పుడు. గుజరాత్‌లోని పాలితాణాలో చేసిన రీడ్లు కూడా మంచివే, వాటికి సిగ్గుపడక్కర్లేదు. మీరు దేశం చూడకండి, గాలి చూడండి. మెట్లేవీ నొక్కకుండా తిత్తి నింపి వదలండి. గాలి చప్పున దిగిపోతే ఎక్కడో తోలు పోయింది, లేదా ఎలుక కొట్టింది. తర్వాత గాలి చాలా తక్కువగా ఇస్తూ ఒక్కో మెట్టు నొక్కండి. మంచి రీడు ఆ కాస్త గాలికే పలుకుతుంది. చివరికి పైమూత తీయించి రీడ్ల మీద ఆకురాయి గీతలు చూడండి. శ్రుతి పెంచడానికి కొస దగ్గర, తగ్గించడానికి మొదలు దగ్గర గీస్తారు. రెండుచోట్లా లోతుగా గీతలున్న రీడు ఎందరి చేతుల్లోనో పడి నలిగింది, ఎప్పుడైనా విరుగుతుంది. మూత తీయనంటే బేరం మానేయండి. ఎవరిచేత శ్రుతి చేయించాలో షాపులో అడగొద్దు, నాటకం రోజు గ్రీన్‌రూములో హార్మోనిస్టును అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే నడుపుతున్నాం. అయినా ఘంటసాల గారి పాట సాగదీసినట్టు వస్తోంది. మోటారు పోయిందంటున్నారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మోటారు కొనకండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను, మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకు 50. ఏసీ మోటారుతో తిరిగే పాత టర్న్‌టేబుళ్లు ఆ లెక్కన ఆరోవంతు వేగం తగ్గిపోతాయి. నిమిషానికి 33 చుట్లు దాటి తిరగాల్సిన ప్లేటు 28 దగ్గర ఆగిపోతుంది. దానికి కావాల్సింది 50 హెర్ట్జ్‌కు సరిపోయే కాస్త లావు పుల్లీ, అంటే మోటారు మొనకుండి బెల్టును తిప్పే చిన్న చక్రం. మీ మోడలుకు కంపెనీది దొరక్కపోతే లేత్ పనివాడు ఇత్తడిలో తిప్పి ఇస్తాడు, పాత పుల్లీ వ్యాసానికి అయిదోవంతు కలపమనండి. బెల్టు మందం వల్ల చిన్న తేడా వస్తుంది కనుక ఒక వెంట్రుక లావుగానే తిప్పమనండి, వేగం ఎక్కువైతే కాస్త చెక్కించుకోవచ్చు. సెట్టు తిరగేసి వెనక వోల్టులు, హెర్ట్జ్ రాసి ఉండే రేకు చదవకుండానే మోటారు పోయిందన్న షాపుకు మళ్లీ వెళ్లకండి.