క్లాసుకు ఇద్దరూ వెళ్లండి

బాబూ,

ప్రభువు నామంలో మీ నలుగురికీ వందనాలు.

నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావని, వచ్చే నెలలో భార్యాపిల్లలతో మిషనరీ ట్రైనింగ్ స్కూల్లో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. స్తోత్రం అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఏమైందని మీ పెద్దమ్మ వచ్చి అడిగితే చెప్పాను. నీ గురించి ఒక్క ముక్క అడగలేదు. "పిల్లలు ఎంతవాళ్లిప్పుడు?" అంది. పెద్దదానికి ఐదేళ్లు, పిల్లాడికి ఇంకా రెండు నిండలేదన్నాను. "అయితే ఉత్తరం రాయండి" అని లోపలికి వెళ్లిపోయింది.

సామాన్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్లు, పిల్లల టీకాల కార్డులు రెండేసి కాపీలు పెట్టుకో. తలుపు తియ్యగానే ఇంత చిన్న గదా అనిపిస్తుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది. గోడలు పల్చన. మీరు కసురుకుంటే పక్కవాళ్లకు వినబడుతుంది, వాళ్లు కసురుకుంటే మీకు. మర్నాడు పొద్దున అందరూ చాపెల్లో పక్కపక్కనే నిలబడి పాటలు పాడాలి. దానికేం సిగ్గుపడకండి. వంటింటి డ్యూటీ, బాత్రూములు కడిగే డ్యూటీ కూడా వేస్తారు. పదిమందిచేత పని చేయించినవాడివి, మొదటి వారం నీకు ఒళ్లు మండుతుంది. మండనీ. కడుగు.

నాకు రాత్రి నిద్ర పట్టనిది మాత్రం వీటికి కాదు. మీ నాన్న మాటల మధ్యలో, "వాడు కోర్సు చేస్తాడు, అమ్మాయి పిల్లల్ని చూసుకుంటుంది" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కింద నేనూ అచ్చం ఇదే మాట అన్నాను.

అప్పటికి మీ అక్కకు నాలుగేళ్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ క్లాసులకు రావాలన్నది అక్కడి నియమం. పిల్లల కోసం ఓ నర్సరీ గది ఉండేది. మొదటి రోజు మీ అక్క తల్లి కొంగు వదల్లేదు. రెండో రోజు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. మూడో రోజు ఆ ఏడుపు మా క్లాసులోకి వినిపించింది. అందరూ నావైపే చూస్తున్నట్టనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు, వాళ్ల పిల్లలూ ఏడుస్తూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్‌గారి దగ్గరికెళ్లి, మా ఆవిడ ఇంటిదగ్గరే ఉంటుంది, రోజూ సాయంత్రం నేను నేర్పుకుంటానని చెప్పి ఒప్పించాను. ఆవిణ్ని అడగలేదు. అడిగాననే చాలా ఏళ్లు అనుకున్నాను. లేదు, అడగలేదు.

సాయంత్రాలు నేర్పింది ఎన్నాళ్లో తెలుసా? నాలుగు రోజులు.

ఫొనెటిక్స్, అంటే భాషల్లోని ధ్వనుల్ని సరిగ్గా పలకడం నేర్పే పాఠం, నాకు పిచ్చిలా పట్టుకుంది. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని పలకాలి. ఉత్త 'ప'కి కాగితం కదలకూడదు, ఒత్తి పలికితే ఎగరాలి. మన మాటల్లో ఆ తేడా అంతగా పట్టించుకోంగానీ, కొన్ని భాషల్లో ఆ కాస్త గాలితో మాట అర్థమే మారిపోతుంది. రాత్రిళ్లు అద్దం ముందు కూర్చుని గంటలకొద్దీ అదే పని. ఓ రాత్రి మీ అక్క ఎక్కణ్నుంచో కాగితం చింపుకొచ్చి, నా మోకాలు ఆనుకుని నిలబడి ఉఫ్ ఉఫ్ మని ఊదింది. నేను ఆడుకుంటున్నాననుకుంది పాపం. "పో, అమ్మ దగ్గరికి పో" అని కసిరాను. అది వెళ్లి తల్లికి చూపించింది. మీ పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని ఓసారి మామూలుగా అంది, కాగితం కదల్లేదు. మరోసారి ఒత్తి అంది, ఎగిరింది. వారం రోజులు నేను కుస్తీ పట్టింది ఆవిడకు మొదటిసారికే వచ్చేసింది! అద్దంలోంచి నేనదంతా చూశాను. చూసి, తల పుస్తకంలో పెట్టేసుకున్నాను.

కోర్సులో మంచి మార్కులొచ్చాయి నాకు. తర్వాత సేవకు పంపిన చోట తడబడుతూనైనా మాట్లాడగలిగాను. మీ పెద్దమ్మ తలుపేసుకుని కూర్చునేది. నీళ్లకు వెళ్తే ఆడవాళ్లు ఏదో అడుగుతారు, ఈవిడ నవ్వేసి వచ్చేస్తుంది. కొన్నాళ్లకు ఆ నవ్వూ పోయింది. నాకు అక్కడి మనుషులతో మీటింగు రోజున పని. ఆవిడకు పక్కింటివాళ్లతో పొద్దున లేస్తే పని, పిల్లకు జ్వరమొస్తే పని. భాష ఎవరికి ఎక్కువ కావాలో నువ్వే చూడు. మూడేళ్లకని వెళ్లినవాళ్లం ఏడాదిన్నరకే తిరిగొచ్చాం. సంఘానికి అనారోగ్య కారణాలని రాశాను. ఎవరి అనారోగ్యమో, అది ఎక్కడ మొదలైందో రాయలేదు.

ట్రైనింగ్‌లో ఉండగానే దేవుడు నన్ను హెచ్చరించాడు, నేనే వినలేదు. ఓ రోజు చాపెల్లో, ఇంగ్లండు నుంచి మన దేశానికొచ్చిన మిషనరీ విలియం కేరీ మీద మాట్లాడమన్నారు. 1793లో బెంగాల్‌కు ఓడెక్కడం, 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చు కావడం, అన్నీ ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. మీ పెద్దమ్మ పిల్లనెత్తుకుని గుమ్మం దగ్గర నిలబడి వింది. ఇంటికొచ్చాక అడిగింది: "ఆయన భార్య పేరేంటి?"

నాకు తెలీదు. ముప్పావుగంట మాట్లాడాను, ఆ ఇల్లాలి పేరు తెలీదు.

ఆవిడ పేరు డొరతి. పెళ్లి రిజిస్టర్లో సంతకం చెయ్యడం రాక గుర్తు పెట్టిన మనిషి. కేరీ బయల్దేరతానన్నప్పుడు గర్భిణి, రానంది. ప్రయాణం అనుకోకుండా ఆగిపోయి ఆయన మళ్లీ వచ్చి అడిగితే, తోబుట్టువు తోడొస్తే వస్తానంది. వారాల పసికందును ఒళ్లో పెట్టుకుని ఓడెక్కింది. మరుసటేడు ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆవిడ మనసు చెదిరిపోయింది. 1807లో కన్నుమూసేదాకా కోలుకోలేదు. ఒకే ఇంట్లో ఓవైపు ఆవిడ అలా, మరోవైపు ఆయన అనువాదం. కేరీని తప్పుపట్టేంతటివాణ్ని కాను నేను. ఇదంతా చదివింది కూడా మేం తిరిగొచ్చేశాకే.

కాబట్టి విను. పిల్లాడు నర్సరీలో ఏడుస్తాడు. ఏడ్చినన్నాళ్లూ దింపేది నువ్వే, అమ్మాయి కాదు. మొదట్లో అరగంట వాడితో కూర్చో, తర్వాత పావుగంట చాలు. తల్లి పాత చున్నీ ఒకటి వాడి సంచిలో పెట్టండి. వెళ్లేముందు వెళ్తున్నానని చెప్పే వెళ్లు. కళ్లుగప్పి జారుకున్నావో, మర్నాడు చంక దిగడు. పది రోజులైనా కుదరకపోతే ప్రిన్సిపాల్‌ని కలవండి, ఇద్దరూ కలిసే వెళ్లండి. పొద్దుటి క్లాసులు ఒకరికి, మధ్యాహ్నంవి ఇంకొకరికి అని అడగండి. కోర్సుకు రెట్టింపు కాలం పట్టినా కొంప మునిగేదేం లేదు. పెద్దది కాగితం తెచ్చుకుని పక్కన చేరితే చేరనివ్వు. నాకున్న బెంగంతా ఆ కాగితం ముక్కే అనుకో.

ఇంకొకటి. కొన్నాళ్లయ్యాక ఏ కారణమూ లేకుండా అన్నిటిమీదా చిరాకొస్తుంది. మొదట్లో దేవదూతల్లా కనిపించిన పక్కింటివాళ్ల చెప్పుల చప్పుడు కూడా భరించలేరు. కొత్త చోట, కొత్త పద్ధతుల మధ్య కలిగే ఈ కలవరాన్నే కల్చర్ షాక్ అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్, 1960లో అచ్చయిన వ్యాసంలో దాన్నొక జబ్బులాంటిదనే రాశాడు. మొదటి దశకు ఆయన పెట్టిన పేరు హనీమూన్. ఈ షాక్ పరాయి దేశం వెళ్లాకే వస్తుందనుకోకు, ట్రైనింగ్ స్కూలు గేటు దాటితే చాలు. అలాంటప్పుడు పిలుపు మీదే అనుమానమొస్తుంది. ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి, ముందు నిద్రపోండి.

మీకోసం ప్రార్థించేవాళ్లకు పంపే ప్రార్థన లేఖల్లో గెలుపులే రాయకు. నేనలాగే రాశాను. జనం స్తోత్రాలు చెప్పుకున్నారుగానీ, మా ఆవిడ కోసం ప్రార్థించాలని ఎవరికి తెలుస్తుంది? నువ్వు రాసిన ప్రతి లేఖా పంపేముందు అమ్మాయి చదవాలి. ఆవిడ కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ చేర్చకు.

గట్టిగా రాశానని మనసులో పెట్టుకోకురా. చిన్నప్పుడు నా భుజమ్మీద కూర్చుని పాటకు తాళం వేసినవాడివి, నువ్వు ఈ దారి పట్టావంటే నాకు గర్వం కాదూ? నాన్నతో చెప్పలేకపోయాను, గొంతు పూడుకుపోయింది.

మీ పెద్దమ్మ అమ్మాయితో విడిగా మాట్లాడతానంటోంది. ఏం చెబుతుందో నాకు చెప్పలేదు, అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేస్తుందట. స్పీకర్ పెట్టొద్దంది. ఆ గంటసేపు పిల్లలిద్దర్నీ నువ్వు బయటికి తీసుకెళ్లు.

మీ పెదనాన్న