ఇన్హిబిటర్ డోసు పెంచుతున్నా ఈఎస్‌పీకి స్కేల్ ఎందుకు పడుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సున్నపురాయి రిజర్వాయర్ (ఆయిల్ ఉన్న రాతి పొర), బావిలో ఈఎస్‌పీ (బావి లోపలికి దింపే కరెంటు పంపు), నీటి శాతం పెరుగుతోంది, వెల్‌హెడ్ (నేల మీద ఉండే బావి మూతి) దగ్గర ఫాస్ఫోనేట్ ఇన్హిబిటర్ (స్కేల్ కట్టకుండా ఆపే కెమికల్) వేస్తున్నారు, 10 పీపీఎం నుంచి 30కి తీసుకెళ్లినా పంపు మళ్లీ తెల్లటి స్కేల్‌తో, అంటే నీటిలోని లవణాలు కట్టే పెచ్చుతో, పట్టేసింది. ఇంకా పెంచాలా, కెమికల్ మార్చాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. ఇన్హిబిటర్ తాను నీటిలో కలిసిన చోటు నుంచి ప్రవాహం వెళ్లే వైపు మాత్రమే కాపాడుతుంది. మీరు కలిపేది వెల్‌హెడ్ దగ్గర, స్కేల్ పడేది ఎక్కడో కింద ఉన్న పంపులో. 30 కాదు, 300 పోసినా బాగుపడేది నేల మీదున్న చోక్, ఫ్లోలైన్, సెపరేటర్లే. నేను గల్ఫ్‌లో ప్రొడక్షన్ కెమిస్ట్రీ పనిలో ఉన్నాను, ఈ గొడవ చాలా బావుల్లో చూశాను. ప్రతిసారీ మొదట వచ్చే సలహా "డోసు పెంచండి" అనే, ఎందుకంటే కెమికల్ అమ్మేవాళ్లకు అది నష్టం లేని సలహా.

పంపు దగ్గరే ఎందుకంటే, రిజర్వాయర్‌లో ఒత్తిడి కింద కుదురుగా ఉన్న నీరు పంపు ఇన్‌టేక్‌కి (ద్రవం పంపులోకి వెళ్లే చోటికి) వచ్చేసరికి ఒత్తిడి పడిపోతుంది, నీటిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ గట్టిపడి దిగడం మొదలవుతుంది. దానికి తోడు మోటారు వేడి. ఈ లవణం వేడెక్కితే ఎక్కువ కరగదు, ఉల్టా తక్కువ కరుగుతుంది. ఇంట్లో బోరు నీళ్ల గీజర్ కాయిల్ మీద కట్టే పెచ్చు కూడా ఇదే సరుకు. అందుకే పంపు స్పీడు కాస్త తగ్గించి ఇన్‌టేక్ ప్రెషర్‌ని బబుల్ పాయింట్‌కి (ఆయిల్ నుంచి గ్యాస్ విడిపోవడం మొదలయ్యే ఒత్తిడికి) పైన ఉంచగలరేమో మీ ప్రొడక్షన్ వాళ్లని అడగండి. ఆయిల్ కొంత తగ్గుతుందని ముఖం మాడ్చుకుంటారు గానీ, వర్కోవర్ రిగ్ (బావి తెరిచి పంపు మార్చే రిగ్) ఖర్చు పక్కన పెట్టి లెక్క చూపిస్తే వింటారు.

ఇంకోటి, ఇన్హిబిటర్ కరిగించే మందు కాదు. నీటిలో కాల్షియం వేల పీపీఎంలో ఉంటే మనం వేసేది ఐదో పదో పీపీఎం. అది కాల్షియాన్నంతా పట్టి ఉంచలేదు, అప్పుడే పుడుతున్న స్ఫటికాల అంచులకు అతుక్కుని వాటిని ఎదగనివ్వదు, అంతే దాని పని. కాబట్టి ఇప్పటికే కట్టిన స్కేల్‌ని ముందు ఆసిడ్‌తో కడగాలి. కార్బొనేట్ అయితే హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌కి పోతుంది, కాకపోతే పంపు లోహానికి, సీళ్లకు ఏది పడుతుందో చూసుకుని, కరోజన్ ఇన్హిబిటర్ కలిపి వాడాలి.

పంపు నుంచి తీసిన ముక్క మీద రెండు చుక్కల ఆసిడ్ వేసి చూశారా? బుసబుసా పొంగితే కార్బొనేట్. పొంగకుండా అలాగే కూర్చుంటే బేరియం సల్ఫేట్ అయ్యుండొచ్చు, అప్పుడు కథ వేరు. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది, దాన్ని ఇంజెక్ట్ చేసే ఫీల్డుల్లో అది పొరలోని నీటి బేరియంతో కలిసి గట్టిగా దిగుతుంది. నార్త్ సీలో మిల్లర్ ఫీల్డ్‌లో ఒక బావి ఇలాగే రోజుకు 30,000 బ్యారెళ్ల నుంచి 24 గంటల్లో సున్నాకి పడిపోయింది. ఈ రకం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌కి లొంగదు, పైగా అందులో రేడియం చేరి ఉండొచ్చు కాబట్టి ట్యూబింగ్ (బావిలోని పైపు) బయటికి తీసేటప్పుడు రేడియేషన్ మీటర్ పెట్టి చూడాలి.

కార్బొనేటే అనుకుందాం. అయితే మందుని కిందికి చేర్చాలి, దానికి రెండు దారులు. ఒకటి, సన్నటి కేపిలరీ ట్యూబ్‌ని కేబుల్ వెంట దింపి మోటారు కిందనే కెమికల్ వదలడం. ఎలాగూ పంపు మార్చడానికి బావి తెరుస్తున్నారు కాబట్టి నా ఓటు దీనికే. రెండోది స్క్వీజ్: ఇన్హిబిటర్ ద్రావణాన్ని రాతి పొరలోకే నెట్టి, వెనక ఓవర్‌ఫ్లష్ (దాన్ని ఇంకా లోపలికి తోసే ద్రవం) పంపి, కొన్ని గంటలు బావి మూసి ఉంచి, మళ్లీ తెరవడం. మందు రాతిని పట్టుకుని మెల్లమెల్లగా నీటితో తిరిగొస్తుంది, పర్ఫొరేషన్లకు (పొర నుంచి బావిలోకి ద్రవం వచ్చే రంధ్రాలకు) కూడా రక్షణ దొరుకుతుంది. ఈఎస్‌పీ పైన చెక్ వాల్వ్ (ద్రవాన్ని వెనక్కి పోనివ్వని వాల్వ్) ఉంటే ట్యూబింగ్ గుండా కిందికి పంపలేరు, ఆ దారి ముందే చూసుకోండి. కాల్షియం మరీ ఎక్కువున్న నీటిలో ఫాస్ఫోనేట్ కాల్షియంతోనే కలిసి దిగిపోయి రాతి రంధ్రాలు మూసే ప్రమాదం కూడా ఉంది. మీ నీటితో, బావి అడుగు ఉష్ణోగ్రత దగ్గర కంపాటిబిలిటీ టెస్ట్ (మందు, నీరు కలిస్తే ఏమైనా దిగుతుందా అనే పరీక్ష) చేయించకుండా స్క్వీజ్‌కి ఒప్పుకోకండి. గది వేడిలో సీసా చూపించి "బాగుంది సార్" అంటే నమ్మకండి.

ఇక 30 పీపీఎం అన్నది నిజంగా 30యేనా? రోజుకు 1,000 బ్యారెళ్ల నీరంటే దాదాపు 159 ఘనపు మీటర్లు, దానికి 10 పీపీఎం అంటే రోజంతటికీ లీటరున్నర పైచిలుకు, నిమిషానికి ఒక మిల్లీలీటరు చిల్లర. ఇంత చిన్న ప్రవాహం దగ్గర కెమికల్ పంపు డయల్ చూపించేదానికి విలువ లేదు. ట్యాంకు వాల్వ్ కట్టేసి, గీతలున్న గాజు గొట్టంలోంచి పంపుని లాగనివ్వండి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో చూడండి. నిమిషం చాలదు, పది నిమిషాలు చూడండి. ఆ లెక్క నీటి మీద కట్టాలి, మొత్తం ద్రవం మీద కాదు. నీరు మూడు రెట్లయి కెమికల్ పంపు సెట్టింగ్ అలాగే ఉంటే డోసు మూడో వంతే.

శాంపిల్ కూడా వెల్‌హెడ్ దగ్గరే పట్టి, అక్కడికక్కడే వడకట్టి, కాల్షియం చూసే సీసాలో కొంచెం నైట్రిక్ ఆసిడ్ వేసి పంపండి. లేకపోతే ల్యాబ్‌కి చేరేలోపు సీసాలోనే కార్బొనేట్ దిగిపోయి కాల్షియం తక్కువ చూపిస్తుంది, రిపోర్ట్ చూసి "స్కేల్ ప్రమాదం లేదు" అంటారు. పీహెచ్, బైకార్బొనేట్ మాత్రం ఆసిడ్ వేయని శాంపిల్‌తో సైట్‌లోనే కొలవాలి.

ఆ ముక్క ఆసిడ్‌కి పొంగిందో లేదో, ఇన్‌టేక్ ప్రెషర్, బబుల్ పాయింట్, నీటి అనాలిసిస్ ఇక్కడ పెట్టండి. కేపిలరీకి డోసు ఎంత నుంచి మొదలుపెట్టాలో అవి చూశాక చెప్తాను.